తలుపుకెదురుగా

చెంగమ్మను నెల్లూరు పెద్దాసుపత్రికి తెచ్చింది నేనే.
కావలిలో బస్సెక్కినప్పట్నుంచీ
కండక్టరు విజిలేసినప్పుడల్లా
నా మణికట్టు గట్టిగా పట్టుకునింది.
నా సంచిలో అరవై నిరోధ్ పాకెట్లు,
సంస్థవాళ్ళ రిజిస్టరు, ఆమెకని రెండు పూరీలు.
కోవూరు దాటి పెన్న వారధి మీదికొచ్చినా
పొట్లం విప్పలా.

ఓపీ చీటీ రాసే పిల్ల అడిగింది:
ఏం పని చేస్తది?
కూలి, అన్నా.
అబద్ధమేం కాదు.
ఎగ్గొట్టిన కూలి లెక్క రిజిస్టర్లో ఉంది,
తిన్న దెబ్బల లెక్క ఇంకో పేజీలో.

ముందు జొన్నవాడ తీసకపోయిందంట వాళ్ళమ్మ.
తొమ్మిది దినాలు తడి చీరతో చుట్లు.
అక్కడ నిద్రొచ్చింది, అంది చెంగమ్మ.
అంతమంది ఆడోళ్ళు వరసగా పడుకునే చోట
నిద్ర రాకేం చేస్తది.
ఇంటికొచ్చినాక నిద్ర పోయింది.
పోయిందంటే పోయిందే,
మళ్ళీ రాలా.

తర్వాత ఎవురో తాయెత్తు కట్టినాయన
వేపమండతో కొట్టి, దయ్యం పేరు చెప్పమన్నాడు.
లారీ నంబరు చెప్పింది.
ఆఖరి రెండంకెలు
చీకట్లో కనపళ్ళేదంది.

మాట్లాడుకునింది ఒకడితో.
సర్వితోటలో నలుగురుండారు.
ఇంతకంటే నేను చెప్పను.
స్టేషన్లో రైటరు చెప్పాడులే మిగతాది, నవ్వతా:
నీకు గూడా బలవంతమేందిమే?
ఆ మాట విన్నప్పట్నుంచే
ఆమె నవ్వే మొగాడెవుర్ని చూసినా
గోడకి ఆనుకుంటది.

డాక్టరు కొత్తాయన. మార్కాపురం పక్క యాస.
పేపరు చూసి అడగతా ఉండాడు.
నిద్ర పడతా ఉందా?
(ఏ నిద్ర సార్? రాత్రి పనికి పోతది,
పగలు పక్క పోర్షనోళ్ళ టీవీ.)
ఆకలేస్తా ఉందా?
(పిలగాడు తినంగా మిగిల్తే చూడాల.)
ఉత్తినే భయమేస్తా ఉందా?
ఉత్తినే.
ఆ మాట కాడ నాకు గొంతు దాకా వచ్చింది,
మింగా.

చెంగమ్మ ఒక్కదానికీ పలకలా.
మెడ తిప్పి తిప్పి ఎనక్కే చూస్తా ఉంది.
ఆయన పెన్ను తీశాడు.
సహకరించట్లేదు అని రాస్తాడు, నాకు తెలుసు,
ఆ అక్షరాలు శానా చీటీల మీద చూసుండా.

అప్పుడంది:
సార్, మీ కుర్చీ నాకిస్తారా?

ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడినాయి.
నర్సమ్మ నా పక్క చూసింది.
తలుపు నా ఎనకాలుంది సార్,
అంది చెంగమ్మ, తప్పు చేసినట్టు.

ఆయన తలుపు చూశాడు.
ఆమెను చూశాడు.
లేచొచ్చి, రోగులు కూర్చునే స్టూలు మీద
మోకాళ్ళు ముడుచుకోని కూర్చున్నాడు.

నన్ను బైట కూర్చోమనింది చెంగమ్మ,
ఎవురూ రాకుండా చూడక్కా అని.
లోపల ఏం మాట్లాడిందో నాకు తెలీదు.
తెలిసినా రిజిస్టర్లో ఎక్కించేది కాదు.
వరండాలో ఒక ముసలాయన మజ్జిగ తాగతా
టయిమెంతమ్మా అని మూడుసార్లు అడిగాడు.
మూడోసారికి గంట దాటింది.

మాత్రలు రాసిచ్చాడు. రాత్రి పూట ఒకటి.
మత్తుగా ఉంటదా సార్?
కొంచెం ఉంటదమ్మా.
మత్తులో ఉంటే ఎట్లా?
వచ్చినోడి చేతిలో ఏముందో
చూసుకోవాల గదా.
ఆయన రాత్రి అనేది కొట్టేసి
పొద్దున అని రాశాడు.
రాసింది మళ్ళీ చూసుకున్నాడు శానాసేపు,
లెక్క కుదరని పిలగాడి మాదిరి.

తిరిగొచ్చేటప్పుడు పూరీ తినింది.
చల్లారిపోయినా తినింది.
బుధవారం మళ్ళీ రమ్మన్నాడంట.
వస్తాననలా, రాననలా.

నేను ఆ పని మానేసి పదకొండేళ్ళు.
ఈ రాత్రి లైటార్పబోతా చూసుకున్నా:
నా మంచం తలుపుకెదురుగానే ఉంది.
ఇల్లు మూడుసార్లు మారా,
మూడిళ్ళలోనూ అట్నే ఏసుకున్నా.

తిప్పుదామని లేచి ఒక కొస ఎత్తా.
పాత టేకు మంచం, కదల్లా.
రెండో కొస పట్టేదానికి
ఇంకో మనిషి కావాల.